కాలేది రాగి కాదు

వేసవి మొదలైందంటే మా నల్లగొండ వైపు రోజూ వినిపించే మాట ఒకటుంది: "మోటర్ కాలిపోయింది." మా మామూ దుకాణానికి ముప్పై ఐదేళ్లుగా ఆ మాటే రోజీ-రోటీ. వైండింగ్ పని. కాలిన మోటర్ విప్పడం, మాడిన తీగ లాగేయడం, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి ఇవ్వడం. దుకాణానికి పేరున్న బోర్డు ఉంది గానీ జనం మాత్రం "సాయిబు దుకాణం" అనే అంటారు.

మామూకి ఆ మాట నచ్చదు. "తాంబా నై జల్తా బేటా, ఉస్కే ఊపర్ కా కోటింగ్ జల్తా" అంటారు. నిజమే. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. మోటర్ ఎంత వేడెక్కినా ఆ దరిదాపులకు పోదు. కానీ ఆ తీగ మీద ఎర్రగా, గోధుమరంగుగా మెరిసే పూత ఒకటుంటుంది. మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలిచేంత పల్చన. వందల చుట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నా కరెంటు అడ్డదారి పట్టకుండా ఆపేది అదే. వోల్టేజీ తగ్గి మోటర్ ఎక్కువ కరెంటు లాగితే తీగ వేడెక్కుతుంది, పూత పెళుసై పగులుతుంది, రెండు చుట్లు ఒకటైపోతాయి. అంతే సంగతి. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ కథ వేరు. అది నీళ్లలో ఉంటుంది కాబట్టి దాని తీగకు ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. నేను చెప్పేది పైన ఉండే మోటర్లు, ఫ్యాన్లు, మిక్సీల సంగతి.

ఆ పూత ఒక పాలిమర్. వేడిని ఓర్చుకునేలా పనిగట్టుకుని తయారుచేసిన పాలిమర్. దాని గురించి ఇప్పుడెందుకంటే, మా ఆపా కూతురు అదే పనిలో ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి హైదరాబాద్‌లో ఒక ల్యాబులో చేరింది. ఎలక్ట్రానిక్స్‌కీ, కాంపోజిట్లకీ పనికొచ్చే, వేడికి చెడిపోని పాలిమర్లు చేయడం వాళ్ల పని. ఇప్పుడు అందులోనే పీహెచ్‌డీ సీటొచ్చింది. ఇంట్లో మసలా మొదలైంది. "ప్లాస్టిక్ చేయడానికి ఇంకో ఐదేళ్లు చదవాలా?" అని ఒక ఖాలా. రిష్తా మాట్లాడటానికి వచ్చినవాళ్లు "అమ్మాయి ఏం చేస్తుంది?" అంటే ఏం చెప్పాలో ఆపాకి తెలీదు. ఆపా అసలు ఫిక్ర్ మాత్రం వేరు: ఆ కెమికల్స్ మధ్య పిల్ల సెహత్ ఏమవుతుంది? "నువ్వు అఖ్బార్‌వాలావి కదా, కనుక్కుని చెప్పు" అని నాకు అప్పగించింది. కనుక్కున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్లలో ఇంకెవరికైనా పనికొస్తుందేమో.

ముందు దర్జాల సంగతి. మోటర్ నేమ్‌ప్లేట్ మీద ఇన్సులేషన్ క్లాస్ అని ఒక అక్షరం ఉంటుంది, చూడండి. ఏ అంటే 105 డిగ్రీల దాకా, బి అంటే 130, ఎఫ్ అంటే 155, హెచ్ అంటే 180. పూర్వం నూలు, పట్టు, కాగితం చుట్టి వార్నిష్‌లో ముంచేవాళ్లు. అది ఏ దర్జా. ఇవాళ మంచి తీగ మీద లోపల పాలిఎస్టర్-ఇమైడ్, పైన పాలిఅమైడ్-ఇమైడ్ అని రెండు పూతలుంటాయి. అది 200 డిగ్రీల దర్జా. తన దర్జా దాటి ప్రతి 10 డిగ్రీలకు పూత ఉమర్ సగానికి పడిపోతుందని ఇంజనీర్ల మోటు లెక్క. ఇరవై ఏళ్లు బతకాల్సింది 10 డిగ్రీలు ఎక్కువైతే పదేళ్లు, 20 ఎక్కువైతే ఐదేళ్లు. మామూ చేతిలో ఎంత హునర్ ఉన్నా, తీగ నాసిరకందైతే ఆ హునర్ దాన్ని కాపాడలేదు. వేడిని ఓర్చుకునే గుణం తయారీలోనే రావాలి. తర్వాత దాన్ని ఎవరూ అద్దలేరు.

మరి ఆ గుణం ఎలా వస్తుంది? నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. యాసిడ్ నాకు మొదట తేజాబ్, కాంపౌండ్ మురక్కబ్, ఎలిమెంట్ ఉన్సుర్, వేడి హరారత్. డిగ్రీ తెలుగులో చేశాక అవే ఆమ్లం, సమ్మేళనం, మూలకం, ఉష్ణం అయ్యాయి. భాంజీ ఇంగ్లిష్‌లో చెప్తుంటే నేను రెండు భాషల్లో రాసుకున్నాను. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలవడానికి ముందే, 1917లో, హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు. సైన్సు కితాబులు ఉర్దూలోకి తేవడం, లేని మాటలు కూర్చడం దాని పని. మన దాదాల కాలంలో ఈ షహర్‌లో కెమిస్ట్రీ, మెడిసిన్, ఇంజనీరింగ్ ఉర్దూలో చదివారు. ఈ ఇల్మ్ మనది కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పాలిమర్ అర్థం కావాలంటే తస్బీని తలుచుకోండి. దానా పక్కన దానా, పొడుగాటి వరస. పాలిమర్ అలాంటి గొలుసు. ఒక్కో దానా ఒక చిన్న అణువు. పాల ప్యాకెట్ కవర్‌లో ఉండే పాలిథిన్ కూడా గొలుసే. కానీ దాని దానాలు వదులు, ఎటంటే అటు వంగుతాయి. వంద డిగ్రీలు దాటి కొంచెం పోగానే గొలుసులు ఒకదాని మీద ఒకటి జారి కవర్ కరిగిపోతుంది. వేడి చేసే నష్టం రెండు రకాలు. గొలుసులు జారతాయి, ఇంకా వేడెక్కితే తెగుతాయి. రెండూ ఆపాలంటే దానాలే గట్టివి కావాలి. అందుకని ఆరు కార్బన్లు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ బెంజీన్ వలయాలను గొలుసులో కూరుస్తారు. వలయం సులువుగా వంగదు, సులువుగా తెగదు, పక్క గొలుసులోని వలయాలతో దగ్గరగా సర్దుకుంటుంది.

బాగానే ఉంది. కానీ ఇక్కడే అసలు చిక్కు. కరగనిదాన్ని, ఏ ద్రవంలోనూ కలవనిదాన్ని తయారుచేశాం. మరి దాన్ని తీగ మీద పూసేదెట్లా? సన్నటి పొరగా పరిచేదెట్లా? గట్టిపడ్డాక ఇక ఎవరి మాటా వినదు.

దానికి దొరికిన ఉపాయం రెండు మెట్లది. భాంజీ చేసే పాలిఇమైడ్ ఆ దారిలోనే తయారవుతుంది. రెండు పొడులు తీసుకుంటారు. ఒకటి పైరోమెల్లిటిక్ డైఎన్‌హైడ్రైడ్, రెండోది ఆక్సీడైఎనిలిన్ అనే అమీన్. పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, రెండూ వలయాలున్న అణువులే. తేమ తగలకుండా నైట్రోజన్ గాలిలో, తగిన ద్రావకంలో, వేడి లేకుండా కలుపుతారు. ఒకదాని చివర ఇంకొకటి అతుక్కుంటూ పోయి ద్రవం తేనెలా చిక్కబడుతుంది. రెండూ సరిసమానంగా పడాలి. నూటికి ఒక్క వంతు తేడా వచ్చినా గొలుసు సగటున రెండువందల దానాల దగ్గర ఆగిపోతుంది, పొర పెళుసవుతుంది. అందుకే అక్కడ హిసాబ్ చాలా కచ్చితం. "మామూ చుట్లు లెక్కపెట్టినట్టే" అంటుంది భాంజీ.

ఈ తేనెలాంటిది ఇంకా పాలిఇమైడ్ కాదు. పాలిఅమిక్ యాసిడ్ అంటారు. మెత్తన, చెప్పిన మాట వింటుంది. తేమ తగిలితే పాడవుతుంది గనుక చల్లగా, మూత పెట్టి దాస్తారు. దాన్ని గాజుపలక మీద పరిచి మెల్లగా వేడిచేస్తారు. ల్యాబులో మామూలు పద్ధతి 100 డిగ్రీల దగ్గర ఒక గంట, 200 దగ్గర ఒక గంట, 300 దగ్గర ఒక గంట. ముందు ద్రావకం పోతుంది. తర్వాత ఒక్కో దానా నుంచి నీటి అణువులు బయటికి పోయి, తెరిచి ఉన్న కొసలు మూసుకుని కొత్త వలయాలవుతాయి. ఇక అది కరగదు, ఏ ద్రావకంలోనూ కలవదు. తొందరపడి ఒక్కసారే 300కి తీసుకుపోతే ఆవిరి లోపలే ఇరుక్కుని బుడగలు, పొక్కులు వస్తాయి. సబ్ర్ లేకుండా ఈ పని కాదు. మామూ కూడా వార్నిష్ పట్టించిన మోటర్‌ను పెట్టెలో బల్బుల వేడికి మెల్లగానే ఆరబెడతారు. పైన ఎండి లోపల పచ్చిగా ఉంటే అది మళ్లీ దుకాణానికే వస్తుందని ఆయనకు తెలుసు.

ఇలా చేసిన పొరను డ్యూపాంట్ కంపెనీ 1960లలో కాప్టన్ పేరుతో తెచ్చింది. మైనస్ 269 నుంచి 400 డిగ్రీల దాకా పనిచేస్తుందని దానికి పేరు. చంద్రుడి మీద దిగిన అపోలో వాహనానికి బంగారం రేకులా మెరిసే తొడుగు ఫొటోల్లో చూసే ఉంటారు. అందులో ఉన్నది బంగారం కాదు, అల్యూమినియం పూసిన ఈ పొర. అంత దూరం ఎందుకు, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే మన పిల్లలను అడగండి. వేడిగాలి కొట్టేటప్పుడు పక్క భాగాలు మాడకుండా అంటించే తేనెరంగు టేపు అదే. ఫోన్ లోపల మడతపడి ఉండే ఫ్లెక్స్ పట్టీల్లో ఉండేదీ అదే.

ఫోన్లో ఉండే గట్టి పచ్చ బోర్డు మాత్రం వేరే. గాజునార గుడ్డను ఎపాక్సీ రెజిన్‌లో ముంచి, పొరలు పేర్చి, వేడి మీద నొక్కి చేస్తారు. అదీ ఒక కాంపోజిట్. యూరప్ 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసం వాడకాన్ని కట్టడి చేసింది. అదివరకటి తగరం-సీసం టంకం 183 డిగ్రీలకే కరిగేది. దాని బదులు వచ్చిన తగరం-వెండి-రాగి టంకం 217కి గానీ కరగదు. చూడటానికి 34 డిగ్రీలే. కానీ బోర్డు ఓవెన్‌లో అంతకన్నా ఎక్కువ వేడిలోంచి పోవాలి. రెజిన్ తన హద్దు దాటితే మందంగా ఉబ్బి, బోర్డు రంధ్రాల్లోని సన్నటి రాగి గోడలను చీలుస్తుంది. ఒకసారి పనిచేసి ఇంకోసారి చేయని ఫోన్ల వెనుక ఇలాంటి చీలికలూ ఉంటాయి. సీసం పోవడం సెహత్‌కి మంచిదే. ఆ మంచి జరగాలంటే ఇంకా వేడి ఓర్చే రెజిన్ ఎవరో చేయాల్సి వచ్చింది.

విమానాలు, రాకెట్లలో కూడా ఇదే లెక్క. కార్బన్ నార ఎంత బలమైనదైనా, దాన్ని పట్టి ఉంచే రెజిన్ ఎంత వేడిని ఓర్చుకుంటే కాంపోజిట్ కూడా అంతే ఓర్చుకుంటుంది. ఉర్దూలో కాంపౌండ్‌నీ మురక్కబ్ అంటారు, కాంపోజిట్‌నీ మురక్కబ్ అంటారు. కానీ కాంపోజిట్‌లో నార నారగానే ఉంటుంది, రెజిన్ రెజిన్‌గానే ఉంటుంది. ఒకటి లాగుడుకు నిలుస్తుంది, ఒకటి కలిపి పట్టుకుంటుంది. మన అబ్దుల్ కలాం సాబ్ తుంబాలో మొదట చేసిన పనుల్లో నార కలిపిన ప్లాస్టిక్కుల పని ఒకటి. 1982లో హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కి వచ్చాక, 1989 మే 22న అగ్ని పరీక్ష జరిగింది. తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు కాచే దాని కవచం కార్బన్-కార్బన్. అలాంటి పదార్థం చేసే దారుల్లో ఒకటేమిటంటే, కార్బన్ నారకు ఫినాలిక్ రెజిన్ పట్టించి, గాలి తగలకుండా ఆ రెజిన్‌నే బొగ్గు చేస్తారు. ఆ తేలికైన పదార్థం చూసి నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు తనను ఆస్పత్రికి తీసుకుపోయారని, అక్కడ మూడు కిలోలకు మించిన ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటున్న పిల్లలను చూసి మూడు వారాల్లో 300 గ్రాములవి చేసి ఇచ్చామని కలాం సాబ్ చాలాసార్లు చెప్పారు. పిల్లలు వాటితో పరిగెత్తారట. మన ఇళ్లలో ఆయన ఫొటో ఉంటుంది, మిసైళ్ల మాట ఉంటుంది. ఆయన రెజిన్లతో పనిచేసిన మనిషి అనే మాట మాత్రం తక్కువ వినిపిస్తుంది.

ఇక ఆపా ఫిక్ర్. దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఎందుకంటే ఖతరా నిజమే. నాసా 1970లలో పీఎంఆర్-15 అనే పాలిఇమైడ్ రెజిన్ చేసింది. కార్బన్ నారతో కలిపితే 288 డిగ్రీల దగ్గర చాలా కాలం పనిచేస్తుంది, జెట్ ఇంజన్ల భాగాల్లో వాడారు. అందులో మిథిలీన్ డైఎనిలిన్ అనే అమీన్ ఉంది. ఎపాక్సీ గట్టిపడటానికీ వాడతారు. 1965లో ఇంగ్లండ్‌లోని ఎపింగ్ ఊళ్లో ఆ అమీన్ వ్యానులో ఒలికి పిండి బస్తాకు అంటింది. ఆ పిండితో చేసిన రొట్టె తిన్న 84 మందికి కామెర్లొచ్చాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ భయమూ ఉంది. అమెరికా 1992లో దానికి పెట్టిన హద్దు, పని గంటల్లో పీల్చే గాలిలో వంద కోట్ల భాగాలకు పది భాగాలు. పాలిఇమైడ్‌కి వాడే ఎన్‌ఎంపీ అనే ద్రావకం గర్భంలో ఉన్న బిడ్డకు హాని చేయగలదని యూరప్ వర్గీకరించింది. వేడి ఓర్చుకునే గుణం పోకుండా, ఇలాంటివి లేకుండా రెజిన్ చేయడం ఎట్లా అన్నది చాలా ల్యాబుల్లో పని. భాంజీ పీహెచ్‌డీ అంశం కూడా దాదాపు అదే.

ఇది ఆపాకి దాచకుండా చెప్పాను. అప్పుడు భాంజీ ఒక మాట అంది. "అమ్మీ, మేము హుడ్ కింద పనిచేస్తాం. పొగ మోటర్ లాగేస్తుంది. గ్లవ్స్ ఏ ద్రావకానికి ఏవి వేసుకోవాలో కాగితం మీద రాసి ఉంటుంది. ప్రతి సీసాకీ దాని ఖతరా రాసిన పత్రం ఉంటుంది. మరి నానా దుకాణంలో?"

ఎవరూ మాట్లాడలేదు. మామూని వాళ్ల పిల్లలు చిన్నప్పటి నుంచీ నానా అనే పిలుస్తారు. ఆయన దుకాణం వెనుక కాలిన తీగ సులువుగా ఊడటానికి మంట పెడతారు. ఆ పొగంతా ఈ పాలిమర్ల పొగే. వార్నిష్ డబ్బా మూత తీసి ఉంటుంది, చేతులకు ఏమీ ఉండదు. మామూ దగ్గు ఏళ్లనాటిది. చలికాలం అనుకుంటాం, బీడీలు అనుకుంటాం. కొంత అదీ కావచ్చు. కానీ ఖతరా మా ఖాందాన్‌లోకి భాంజీతో కొత్తగా రావడం లేదు. ముప్పై ఐదేళ్లుగా పేరు లేకుండా, పత్రం లేకుండా మా దుకాణంలోనే ఉంది. పిల్ల దాని పేరు చదవడం నేర్చుకుంది, అంతే తేడా.

ఆ తేడా చిన్నది కాదని నాకనిపిస్తుంది. ముస్లింలు నౌకరీల్లో తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ అని 2006లో సచార్ కమిటీ లెక్కలతో చెప్పింది. మన మొహల్లాలు చూస్తే ఆ రిపోర్టు చదవక్కర్లేదు. వైండింగ్, వెల్డింగ్, ఫోన్ రిపేరు, ఏసీ పని, పాత సామాన్లు. వస్తువు ఎక్కడ చెడిపోతుందో అక్కడ మనవాళ్లున్నారు. ఎక్కడ తయారవుతుందో అక్కడ లేరని కాదు, బహుత్ కమ్. మామూ కాలిన తీగ వాసన చూసి ఏ పూతో చెప్పగలరు. గోరుతో గీకి తీగ అసలుదో నకిలీదో చెప్తారు. ఆ ఇల్మ్ ఏ కితాబులోనూ లేదు. కానీ మంచి పూత ఎట్లుండాలో అడిగేవాళ్ల గదిలో మామూకి కుర్సీ లేదు. భాంజీకి ఉండే అవకాశం వచ్చింది. నాలుగు శాతం రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన పిల్లలు ఇంజనీరింగ్‌లో, ఫార్మసీలో కనిపిస్తున్నారు. మంచిదే. అందరినీ కంప్యూటర్ సైన్స్‌కే తోలకుండా, ఒకరిద్దరిని ఇటూ రానిస్తే నష్టమేముంది?

ఆపా భాంజీని మూడు సవాళ్లు అడిగింది. హుడ్ పాడైతే పని ఆపుతారా? రాత్రి ల్యాబులో ఒక్కదానివే ఉండాల్సి వస్తుందా? పెళ్లయ్యాక, కడుపుతో ఉంటే పని మార్చుకోనిస్తారా? భాంజీ మూడోదానికి జవాబు ల్యాబులో కనుక్కుని వారం తర్వాత చెప్పింది. ఏ పిల్లనైనా కెమిస్ట్రీ ల్యాబుకో ఫ్యాక్టరీకో పంపే ముందు తల్లిదండ్రులు అడగాల్సినవి ఈ మూడే. జవాబు సరిగా ఇవ్వని చోటికి పంపకండి, చాలు. మన భయం పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు, మంచి చోటు ఎంచుకోవడానికి పనికిరావాలి. జవాబులు విన్నాక ఆపా "సరే, బిస్మిల్లా కర్" అంది. రిష్తావాళ్లకు ఏం చెప్పాలో కూడా తనే తేల్చుకుంది: "మా అమ్మాయి వేడికి కాలని సామాన్ తయారుచేస్తుంది."

భాంజీ మొదటి స్టైపెండ్‌తో మామూకి ఒక మాస్కు తెచ్చింది. ద్రావకాల ఆవిరిని పట్టే డబ్బీలున్నది. ఉక్కపోస్తుందని మామూ విసుక్కుంటారు. వార్నిష్ వేసేటప్పుడు మాత్రం పెట్టుకుంటున్నారు. మంట పెట్టడం మానలేదు. దాని మీద నానాకీ మనవరాలికీ జిద్దు నడుస్తోంది.

తార్నాకలో ఐఐసీటీ ఉంది. 1944లో నిజాం హయాంలో మొదలైన ల్యాబుల వారసత్వం అది. సెప్టెంబర్ 26 సీఎస్ఐఆర్ స్థాపన దినం. ఆ రోజుల్లో దేశమంతటా సీఎస్ఐఆర్ ల్యాబులు విద్యార్థులకు తలుపులు తెరుస్తుంటాయి. మీ పిల్లల స్కూల్ వాళ్లను ముందే అడిగి పెట్టండి. ఇంట్లో వైండింగ్ చేసే చాచానో, ఫోన్లు బాగుచేసే భాయ్‌నో వెంట పంపండి. పిల్లలకన్నా మంచి సవాళ్లు వాళ్లే అడుగుతారు.